వంశము, పాపము, పదవ తరగతి పాఠము



కొన్ని మాసముల క్రిందట ఒక గ్రామ సంఘమునకు ఆదివారపు ఆరాధనకై వెళ్లియుంటిని. ఆరాధన ముగిసి జనులు ఇండ్లకు పోవుచుండగా, పదవ తరగతి చదువుచున్న ఒక అబ్బాయి గుడి ప్రక్కనున్న వేపచెట్టు క్రింద నిలువబడి నాకొరకు కనిపెట్టుచుండెను. చేతిలో బైబిలు, దాని క్రింద జీవశాస్త్రపు పుస్తకము.

“అయ్యగారూ, పరిణామం మీద అయిదు మార్కుల ప్రశ్న వస్తుందని మా మాస్టారు చెప్పారు. అది రాస్తే పాపమా?” అని అడిగెను.

“ఎవరన్నారు నాయనా పాపమని?”

“సండేస్కూల్లో అన్నారు. అది రాస్తే దేవుణ్ణి కాదన్నట్టేనట. రాయకపోతే మార్కులు పోతాయి. అందుకని అందరం బడిలో ఒకటి రాసి, గుడిలో ఇంకొకటి చెబుతున్నాం.”

నాకు వెంటనే జవాబు తోచలేదు. అబ్బాయి అక్కడ ఆగలేదు. గొంతు తగ్గించి, “ఇంకొక మాట అయ్యగారూ. మా చెల్లికి పుట్టుకతోనే చెవులు వినబడవు. మా తాత చేసిన పాపమే దానికి తగిలిందంటారు ఊళ్లో. ఈ పుస్తకంలో వేరేగా ఉంది. ఏది నిజం?” అనెను.

ఈ రెండవ ప్రశ్న కొరకే వాడు నిలువబడెనని నాకు అర్థమాయెను. మొదటిది తలుపు తట్టుటకు మాత్రమే. నేను సైన్సు చదివినవాడను గాను. ఆ పుస్తకమును అడిగి తెచ్చుకొని, మూడు రాత్రులు చదివి, తెలిసినవారిని ప్రశ్నించి, మరల ఆ గ్రామమునకు వెళ్లితిని. తెలిసికొన్నదానిని మీకును చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. యెహెజ్కేలు 18వ అధ్యాయమును, యోహాను సువార్త 9వ అధ్యాయమును ముందుగా ఇంటిలో అందరు వినునట్లు చదివి, పిమ్మట దీనిని చదివినయెడల మేలు.

ఆ ఇంటి సంగతి చెప్పెదను. పేర్లు అక్కరలేదు, ఇట్టి ఇల్లు మీ ఊరిలోను ఉండును. తలిదండ్రులది మేనరికము. ఆమె తన మేనమామ కుమారుని చేసికొన్నది. పెద్దవాడు ఈ అబ్బాయి, చక్కగా వినును, చక్కగా పాడును. తరువాత పుట్టిన ఆడబిడ్డకు చెవుడు. వినబడదు గనుక మాటయు రాలేదు. ఇప్పుడు తొమ్మిది సంవత్సరములు. అబ్బాయి తాత, అనగా ఆ తల్లికి మామగారును మేనమామయునైన పెద్దాయన, పడుచుతనములో ఒక గట్టు తగాదాలో పది సెంట్ల భూమికొరకు బైబిలు పట్టుకొని అబద్ధపు ఒట్టు పెట్టెనని ఊరంతటికి తెలుసు. మనుమరాలు మూగదని తెలిసిన దినమునుండి ఊరి నోళ్లన్నియు ఆ ఒట్టు వైపే తిరిగెను. మరికొందరు, తల్లి కడుపుతో ఉన్నప్పుడు గ్రహణమునాడు వెలుపలికి వచ్చెననిరి. పెదవి చీలి పుట్టిన బిడ్డను గ్రహణపు మొఱ్ఱి అనుట మనకు అలవాటే గదా. చెవులకును ఆ గ్రహణమునే అంటగట్టిరి. మన ప్రార్థన కూటములోని ఒక సహోదరి, తల్లికి విశ్వాసము చాలకనే బిడ్డ బాగుపడలేదని ఆమె ముఖముననే అన్నదట. వినుటవలన విశ్వాసము కలుగునని పౌలు వ్రాసెనే, ఈ బిడ్డ ఎట్లు విశ్వసించునని మరియొకరు అడిగిరట. అన్యులు అన్నదానికన్న మనవారు అన్నదే ఆ తల్లిని ఎక్కువ బాధించెను. ఆ పెద్దాయన పది సంవత్సరములకు దగ్గరగా ప్రభువు భోజనములో చేయి వేయుట లేదు.

ఇక పుస్తకములోని సంగతి.

ఇప్పుడు చెక్ దేశములోనున్న బ్రనో అను పట్టణములో గ్రెగర్ మెండెల్ అను ఒక సన్యాసి గురువు ఉండెను. ఆయన మఠము అగస్టీనియన్ సభకు చెందినది. ఉపాధ్యాయ ఉద్యోగపు పరీక్షకు 1850లో ఒకసారి, 1856లో మరొకసారి వెళ్లి నెగ్గలేకపోయెను. పరీక్ష తప్పిన పిల్లలను కొట్టు తండ్రులు ఈ మాట జ్ఞాపకముంచుకొందురు గాక. 1856 మొదలు 1863 వరకు మఠపు తోటలో బఠాణీ మొక్కలను పెంచి, ఇంచుమించు 28,000 మొక్కలను పరీక్షించి, గింజలను ఒక్కొక్కటిగా లెక్కించెను. మన ఆడవారు చేటలో పప్పు ఏరినట్లు కూర్చుండి ఏరియుండును.

నున్నని గుండు గింజల జాతిని, ముడతల గింజల జాతిని కలిపినప్పుడు మొదటి కాపులో అన్నియు గుండు గింజలే వచ్చెను. ముడతలు పోయినవని ఎవరైనను అనుకొందురు. ఆయన ఆ గింజలను మరల నాటి, వాటిలో అవే కలియునట్లు విడిచిపెట్టెను. ఈసారి 5,474 గుండు గింజలు, 1,850 ముడతల గింజలు వచ్చెను. మూడింటికి ఒకటి. ముడత పోలేదు, దాగియుండెను. ప్రతి మొక్కకును ఆ గుణమునకు సంబంధించిన రెండు పాళ్లు ఉండును, ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి. ఒకటి గుండును, ఒకటి ముడతయునైనచో పైకి గుండే కనబడును. రెండును ముడతలైనప్పుడే ముడత బయటపడును. ఆ పాళ్లనే ఇప్పుడు జన్యువులందుము. పైకి కనబడు గుణమును బహిర్గతమనియు, దాగియుండుదానిని అంతర్గతమనియు పాఠములో వ్రాసియున్నారు. ఆయన 1865లో ఈ సంగతిని చదివి వినిపించెను, 1866లో అచ్చువేసెను, ఎవరును లక్ష్యపెట్టలేదు. 1884లో ఆయన కన్నుమూసెను. 1900లో ముగ్గురు వేర్వేరుగా అదే లెక్కకు వచ్చి, ఇది మెండెల్ ముందుగానే చెప్పెనని కనుగొనిరి.

ఈ లెక్కను ఆ ఇంటికి తెండి. పసిబిడ్డల చెవుడునకు కారణములు అనేకము. కడుపుతో ఉన్న తల్లికి రుబెల్లా జ్వరము తగులుటవలన వచ్చును, పుట్టిన పిదప మెదడు పొరల వాపువలన వచ్చును. కాని వంశమునుబట్టి వచ్చు చెవుడులో ఎక్కువ భాగము బఠాణీ ముడతవంటిదే. తండ్రిలో ఒక దాగిన పాలు, తల్లిలో ఒక దాగిన పాలు ఉండును. ఇద్దరికిని చెవులు బాగుగానే వినబడును. వారికి పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట ఒక వంతు ఆ రెండు పాళ్లును కలిసి వచ్చుటకు అవకాశము. నాలుగింట రెండు వంతులు తలిదండ్రులవలెనే దాచుకొని ఆరోగ్యముగా ఉండుటకు, ఒక వంతు అసలు ఆ పాలే లేకుండుటకు. ఒక బిడ్డకు వచ్చినది గనుక తరువాతి ముగ్గురికి రాదని గాని, ముగ్గురు బాగుగా ఉన్నారు గనుక నాలుగవవాడు చెవిటివాడగునని గాని లేదు. ప్రతి కాన్పుకును చీటి క్రొత్తగా వేయబడును.

ఈ లెక్కలో ఒట్టు ఎక్కడ? గ్రహణమెక్కడ? ఆ పాలు పెద్దాయన ఒట్టు పెట్టకమునుపే, ఆయన పుట్టినప్పుడే ఆయనలో ఉండి యుండవచ్చును. ఆయన చెల్లెలు ఏ ఒట్టును పెట్టలేదు. ఆమెకును అదే తల్లినుండియో తండ్రినుండియో అదే పాలు వచ్చియుండవచ్చును. ఆయన కుమారునికి ఆయన ఇచ్చెను, ఆమె కుమార్తెకు ఆమె ఇచ్చెను, ఆ ఇద్దరును పెండ్లియాడిరి. మనలో ప్రతివాడును, ఈ వ్యాసము వ్రాయుచున్న నేనును, ఇట్టి దాగిన లోపములను కొన్నింటిని మోయుచున్నవారమే అని శాస్త్రజ్ఞులు నిశ్చయముగా చెప్పుచున్నారు. మన పిల్లలు బాగుగా ఉండుట మన పుణ్యముకాదు. మనది మరియొక విధమైన దాగిన లోపముగలవారితో జత కలిసెను గనుక అది బయటపడలేదు. రాయి చేతపట్టినవాడు ఈ సంగతిని కొంచెము ఆలోచింపవలెను.

మేనరికమును గూర్చి ఇక్కడ చెప్పక తప్పదు. చెప్పినయెడల కొందరికి కోపము వచ్చునని తెలుసు. మేనమామ పిల్లలును మేనత్త పిల్లలును తమ జన్యువులలో ఎనిమిదింట ఒక వంతు ఒకే తాతనుండియు అవ్వనుండియు పొందియుందురు. అక్క కూతురును మేనమామ చేసికొన్నచో అది నాలుగింట ఒక వంతు. అందుచేత దాగిన పాళ్లు రెండును కలియు అవకాశము పెరుగును. ఏ బంధుత్వము లేని దంపతుల బిడ్డలలో నూటికి ఇద్దరు ముగ్గురు ఏదో ఒక పుట్టు లోపముతో పుట్టుచుండగా, మేనరికమున అది ఇంచుమించు రెట్టింపు అగును. అనగా నూటికి తొంబదిమందికి పైగా బాగుగానే పుట్టుదురు. భయపెట్టువారు ఈ రెండవ మాట చెప్పరు. సమర్థించువారు మొదటి మాట చెప్పరు.

2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహములలో దాదాపు నాలుగింట ఒకటి రక్తసంబంధములోనిదని తేలెను. మనవారే దీనిని మొదట శ్రద్ధగా పరిశోధించిరి. పిఠాపురమున పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావుగారు, మీరాఖాన్ గారు 1960లోనే ఆంధ్రదేశపు దగ్గర పెండ్లిండ్లనుగూర్చి వ్రాసిరి. కృష్ణారావుగారి గురువు జె.బి.ఎస్. హాల్డేన్ అను ఆంగ్లేయుడు. ఆయన 1957లో మన దేశమునకు వచ్చి, భారత పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున చనిపోయెను. తన శరీరమును కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో పిల్లలు చదువుకొనుటకు ఇచ్చివేయుమని వ్రాసిపెట్టెను, అట్లే ఇచ్చిరి. ఆయన దేవుని నమ్మినవాడు కాడు. అయినను ఆ చివరి పనిని తలంచునప్పుడెల్ల నాకు గౌరవము కలుగుచున్నది.

డార్విన్ పేరు మన ప్రసంగములలో ఎట్లు వినబడునో మీకు తెలుసు. ఆయన 1839లో చేసికొన్న ఎమ్మా ఆయన తల్లియొక్క సొంత అన్నదమ్ముని కుమార్తె. మన లెక్కలో అచ్చమైన మేనరికము! పదిమంది పిల్లలు పుట్టగా ముగ్గురు చిన్నతనముననే పోయిరి. పదేండ్ల ఆనీ 1851లో చనిపోయినప్పుడు ఆ తండ్రి దుఃఖమునకు మేరలేకపోయెను. పిల్లల జబ్బులన్నియు తన మేనరికమువలననే వచ్చెనేమోయని బ్రదికినంతకాలము లోలోపల కుమిలిపోయెను. 1871 జనాభా లెక్కలలో దగ్గర పెండ్లిండ్లనుగూర్చిన ప్రశ్న చేర్చవలెనని తన స్నేహితునిద్వారా పార్లమెంటులో అడిగించెను; వారు ఒప్పుకొనలేదు. మెండెల్ లెక్క అప్పటికే అచ్చులో ఉండెను, డార్విన్ దానిని ఎరుగడు. మన గ్రామములోని ఆ తల్లి ఏ ప్రశ్నతో రాత్రులు మేలుకొని ఏడ్చెనో, ఆ ప్రశ్నతోనే ఆయనయు మేలుకొనెను. ఇది తెలిసిన తరువాత ఆయనను వెక్కిరించుటకు నాకు నోరు రాలేదు.

మేనరికము పాపమా? లేవీయకాండము 18వ అధ్యాయపు పట్టికలో అది లేదు. యాకోబు తన మేనమామ కూతుండ్రనే చేసికొనెను. పాపము కాదు. అయితే పాపము కానిదంతయు తెలివైన పని కాదు. ఆ తలిదండ్రులు తెలియక చేసికొనిరి, వారిపై ఏ దోషమును లేదు. నేడు పాఠము చదివిన వారి కుమారునికి తెలియును. రేపు పొలము చెదరిపోకుండుటకు వానిని మరల అత్త కూతురితో ముడివేయవలెనని పెద్దలు కూర్చున్నప్పుడు వాడు నోరు తెరువవలసియుండును. దోషము లేనిచోట కూడ తెలివినిబట్టి ఒక బాధ్యత పుట్టును. ఈ రెంటిని మనము ఎప్పుడును కలిపివేయుచున్నాము. తప్పు లేదనగానే పని కూడ లేదనుకొందుము. పని ఉన్నదనగానే ఎవరిదో తప్పు వెదకుదుము.

ఆడపిల్లల సంగతి ఒక్క మాట. బిడ్డ ఆడయో మగయో నిర్ణయించునది తండ్రినుండి వచ్చు క్రోమోజోము. తల్లి ఎప్పుడును ఎక్స్ మాత్రమే ఇచ్చును. తండ్రి ఎక్స్ ఇచ్చిన ఆడపిల్ల, వై ఇచ్చిన మగపిల్లవాడు. 1905లో నెట్టీ స్టీవెన్స్ అను ఒక స్త్రీ చిన్న పురుగులలో దీనిని కనిపెట్టెను. నూరేండ్లు దాటినది. వరుసగా ఆడపిల్లలను కన్నదని కోడలిని పుట్టింటికి పంపిన క్రైస్తవ గృహములను నేనెరుగుదును. ఆ ఇంట మొగ్గరమెత్తి పాడిన కీర్తనలు ఎవరికి చేరెనో నాకు తెలియదు.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. నిర్గమకాండము 20వ అధ్యాయములో తండ్రుల దోషము మూడు నాలుగు తరములవరకు కుమారులమీదికి వచ్చునని యున్నది గదా అని కొందరు అడుగుదురు. ఉన్నది. త్రాగుబోతు తండ్రి అప్పు కుమారుని మెడకు చుట్టుకొనుట మనము చూచుచునే యున్నాము. ఫలితము దిగివచ్చును. నేరము దిగిరాదు. తండ్రుల నేరమునకు పిల్లలను చంపరాదని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములోనే న్యాయాధిపతులకు ఆజ్ఞయున్నది. బబులోను చెరలోనున్న జనులు, తండ్రులు పుల్లని ద్రాక్షలు తినుటచేత పిల్లల పళ్లు పులిసెనను సామెతను పట్టుకొని కూర్చుండగా, ఇకమీదట ఆ సామెత పలుకరాదని ప్రభువు యెహెజ్కేలుచేత చెప్పించెను. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు, వీడు పాపియా, వీని తలిదండ్రులు పాపులా అని అడిగినప్పుడు ప్రభువు ఆ రెంటిని త్రోసివేసి, ఉమ్మితో బురద చేయుటకు వంగెను. మన సంఘములు రెండువేల సంవత్సరములుగా ఆ అధ్యాయమును చదువుచు, ఇంకను శిష్యుల ప్రశ్నయొద్దనే నిలిచియున్నవి.

గ్రహణపు మాటకు జవాబు ఆదికాండములో నాకు దొరికెను. 30వ అధ్యాయములో యాకోబు చారలు తీసిన చువ్వలను నీళ్ల తొట్లయొద్ద పెట్టెను. మేకలు వాటిని చూచుచు చూలు కట్టినచో చారల పిల్లలు పుట్టునని ఆ కాలపు కాపరుల నమ్మకము. కడుపుతోనున్నది చూచినదే పిల్లకు వచ్చునను మన గ్రహణపు నమ్మకము దానికి తోబుట్టువే. అయితే 31వ అధ్యాయములో యాకోబు తన భార్యలకు ఒక కల చెప్పెను. అందులో దూత చువ్వలను చూపలేదు, మందమీదికి ఎక్కు పోతులు చారలవి, పొడలవి అని చూపెను. కంటికి ఒకే రంగుగా కనబడిన మందలో దాగిన పొడలున్నవని నేడు మెండెల్ చదివిన పిల్లవాడు చెప్పగలడు. చువ్వల ఊసే ఎత్తక యాకోబు దేవునికి మహిమ చెల్లించెను. నాకు తోచినది ఇది. పండితులు మరియొక విధముగా చెప్పవచ్చును.

వంశము అను మాట వినగానే మన సంఘములలో అనేకులకు గుండె గుబేలుమనును. అది సహజము. పుట్టుకనుబట్టియే గదా మన తాతలను ఊరి వెలుపల ఉంచిరి, బావియొద్దకు రానీయలేదు. ఇప్పుడు సైన్సు పేరుతో మరల పుట్టుకనే ముందుకు తెచ్చుచున్నారా అని ఒక సంఘపెద్ద నన్ను అడిగెను. ఆయన అనుమానము వట్టిది కాదు. జర్మనీలో 1933 జూలైలో ఒక చట్టము చేసిరి. వంశపారంపర్యపు జబ్బులు గలవారికి పిల్లలు పుట్టకుండ బలవంతముగా ఆపరేషను చేయవలెనని. 1945లోగా దాదాపు నాలుగు లక్షలమందికి చేసిరి. ఆ చట్టపు జాబితాలో పుట్టు చెవుడు ఉండెను. మన గ్రామపు ఆ పాప అక్కడ పుట్టియుంటే ఆ జాబితాలో ఉండెడిది. అది చేసినవారు చదువుకొన్న వైద్యులు, అనేకులు బాప్తిస్మము పొందినవారు. కాని వారికి ఆ హక్కు బఠాణీ గింజ ఇవ్వలేదు. గింజ గుండుదా ముడతదా అని చెప్పునే గాని, ఏది బ్రదుకవలెనో చెప్పదు. లోకములో ఏ ఇద్దరు మనుష్యులను తీసికొన్నను వారి జన్యు వ్రాత వెయ్యింటికి తొమ్మిదివందల తొంబదితొమ్మిది పాళ్లు ఒక్కటే. అగ్రహారమునకు ఒకటి, పల్లెకు ఒకటి అని వేరు మట్టి లేదు.

పాఠములో రెండవ భాగము మిగిలినది. మొదటి భాగము ఆ తల్లికి ఓదార్పునిచ్చెను గనుక సంతోషముగా చదివితిని. రెండవది భయపెట్టునని మూసివేయుట న్యాయమా? ఒకే చేయి వ్రాసిన లెక్క. లాభమైన పేజీని నమ్మి, నష్టమైన పేజీని చింపువాడు నమ్మకమైన గుమాస్తా కాడు. 2022లో కేంద్రపు ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు తమ పదవ తరగతి పుస్తకములో అనువంశికతను ఉంచి పరిణామమును తీసివేసిరి. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు అది తప్పని ఉత్తరము వ్రాసిరి. ఈ అబ్బాయి చదివిన పుస్తకములో రెండును ఉండెను.

ప్రత్తి వేయువారికి నేను పరిణామమునుగూర్చి చెప్పనక్కరలేదు. 2002లో బి.టి. ప్రత్తికి మన దేశమున అనుమతి వచ్చెను. కాయతొలుచు పురుగులు చచ్చెను, మందు ఖర్చు తగ్గెను. 2010లో, గుజరాతులో గులాబీరంగు పురుగు దానికి లొంగుట లేదని ప్రకటించిరి. తరువాత రెండవ రకపు బి.టి.కిని అది లొంగకపోయెను, మన చేలలోను కాయ పగులదీసిన పురుగు కనబడెను. పురుగు బడికి పోయి నేర్చుకొనలేదు. లక్షల పురుగులలో పుట్టుకతోనే ఆ విషమును తట్టుకొనునవి ఏవో కొన్ని ఉండెను. మిగిలినవి చచ్చెను, ఇవి బ్రదికి పిల్లలను పెట్టెను, ఆ పిల్లలకు ఆ గుణము దిగెను. దీనినే ప్రకృతి వరణమందురు. అంతే.

మనుష్యులలోను ఉన్నది. ఏజెన్సీ గ్రామములలో సికిల్ సెల్ అను రక్తపు జబ్బును మన మిషను ఆసుపత్రులవారు ఎరుగుదురు. రెండు పాళ్లును కలిసి వచ్చిన బిడ్డకు ఎర్ర కణములు కొడవలివలె వంగి, నొప్పులు, రక్తహీనత. ఒక పాలు మాత్రమే ఉన్నవానికి జబ్బు రాదు, పైగా మలేరియా వానిని అంత సులభముగా చంపలేదు. అందుచేత మలేరియా ఎక్కువగానున్న దేశములలో ఆ పాలు తరతరములుగా నిలిచిపోయెను. ఒకని కాపాడినదే మరియొకని కష్టపెట్టుచున్నది. ఇందులో ఎవరి పాపమును వెదకెదరు? 2023లో కేంద్ర ప్రభుత్వము దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమము పెట్టి రక్తపరీక్షలు ఆరంభించెను. పెండ్లికి ముందు ఆ పరీక్ష చేయించుడి.

ఇట్టి చిన్న మార్పులు లెక్కలేనన్ని తరములు పోగుపడి వేర్వేరు జీవజాతులాయెనని, భూమి వయస్సు సుమారు 450 కోట్ల సంవత్సరములని పుస్తకము చెప్పుచున్నది. కోతి మనిషియాయెనని అది చెప్పుటలేదు. కోతులకును మనకును బహు పూర్వమున ఒకే మూలమున్నదని చెప్పుచున్నది. రాతిలోని గుర్తులును, జన్యువుల వ్రాతయు వేర్వేరుగా అదే సాక్ష్యమిచ్చుచున్నవి. ఇద్దరు సాక్షుల మాట స్థిరపరచబడునని మనమే గదా చెప్పుదుము.

అయితే ఆదికాండము మాట యేమి? మన చదువరులలో అనేకులు ఆరు దినములను ఆరు దినములుగానే నమ్ముదురు, వారి భక్తిని నేను తక్కువ చేయను. కాని సూర్యుడు నాలుగవ దినమున కలుగగా మొదటి మూడు దినములు ఎట్టివని డార్విన్‌కు పదునాలుగు వందల సంవత్సరములు ముందుగానే అగస్టీన్ భక్తుడు ఆలోచించి, అవి మనమెరిగిన దినములవంటివి కావనెను. మెండెల్ ఉన్న సభ ఆ భక్తుని పేరిటిదే. డార్విన్ మాటను అమెరికాలో మొదట సమర్థించిన ఆసా గ్రే క్రైస్తవ విశ్వాసి. 2003లో ముగిసిన మానవ జన్యు పటపు పనికి నాయకుడైన ఫ్రాన్సిస్ కాలిన్స్ క్రైస్తవ విశ్వాసి. మనుష్యుడు నేలమంటినుండి తీయబడెనని చదివి మనమెన్నడును సిగ్గుపడలేదు. మంటినుండి అతనిని తీసిన దారి పొడుగైనదని విన్నప్పుడు ఎందుకు సిగ్గుపడవలెనో నాకు తెలియుట లేదు. ఆ మంటిలో ఊదబడిన ఊపిరి లెక్కకు వచ్చునది కాదు, ఏ పాఠమును దానిని లెక్కింపబోలేదు.

అబ్బాయికి నేను ఇట్లు చెప్పితిని: “నాయనా, పరీక్షలో అడిగింది నువ్వేం నమ్ముతావని కాదు, శాస్త్రం ఏం కనిపెట్టిందని. తెలిసింది సరిగా రాయి. అది అబద్ధం కాదు. నీకు అర్థం కానిది ఉంటే గుడికి తీసుకురా, దాచకు. రెండు నోళ్లు పెట్టుకుని బతకడమే పాపం.” వాడు తల ఊపెను. ఆ రెండు నోళ్లను వానికి పెట్టినది మనమే. ప్రశ్న అడిగిన పిల్లవానిని సండేస్కూలులో నిలువబెట్టి సిగ్గుపరచినది మనమే.

పిమ్మట వాని ఇంటి అరుగుమీద కూర్చుంటిమి. అబ్బాయి సుద్దముక్కతో నాలుగు గళ్లు గీసి, తల్లికి ఒక్కొక్క గడిని చూపి చెప్పెను. నా కంటె బాగుగా చెప్పెను. తల్లి చాలసేపు ఆ గళ్లను చూచి, “అయితే నేను గ్రహణంలో వెళ్లినందుకు కాదా?” అని అడిగి, కొంగు నోటికడ్డు పెట్టుకొనెను. పాప ఆ సుద్దముక్కను లాగుకొని గళ్లలో బొమ్మలు వేయసాగెను. ఆ పాపను చెవి పరీక్షకు జిల్లా ఆసుపత్రికి తీసికొనిపోవుటయు, చెవిటి పిల్లల బడినిగూర్చి విచారించుటయు అప్పుడే నిర్ణయించుకొంటిమి. తొమ్మిదేండ్లు ఆలస్యమాయెను. పసితనముననే పరీక్షించినచో వినికిడి యంత్రమో, కాక్లియర్ అను పరికరమో పెట్టి మాట నేర్పుటకు ఎక్కువ వీలుండును. 2013 నుండి బడులకును అంగన్వాడీలకును వచ్చుచున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు వైద్యులు ఇట్టి పిల్లలను వెదకుటకే వచ్చుదురు. వారిని చూచి బిడ్డను లోపల దాచకుడి.

పెద్దాయన గుమ్మములో కూర్చుండి అంతయు వినెను. సంతోషించునని నేననుకొంటిని. ఆయన ముఖము వెలవెలబోయెను. కొంతసేపటికి, “అయ్యగారూ, ఇన్నాళ్లూ ఆ బిడ్డను చూసి, నా ఒట్టుకు శిక్ష పడిపోయిందిలే అనుకున్నాను. అది కాదంటున్నారు. మరి నా ఒట్టు అట్లాగే ఉందిగా?” అనెను.

“ఉంది పెద్దాయనా,” అంటిని.

ఆ గట్టు అవతలివాడు ఎప్పుడో చనిపోయెను. వాని కుమారుడు పొరుగు మండలములో కూలి చేసికొని బ్రదుకుచున్నాడని విని, ఆయన మనుమని పిలిచి, ఆ ఊరికి ఏ బస్సు పోవునో కనుక్కొనుమనెను.